పెళ్లికి ముందు రక్తంలో ఫైలేరియా... నా ఇమ్యూనిటీ అయిపోయినట్టేనా?

విజయవాడ కృష్ణలంక నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టొద్దన్నారు. వయసు 31. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తారు. గుంటూరు అమ్మాయితో నిశ్చితార్థం అయింది, మాఘమాసంలో పెళ్లి.

రెండు నెలల కిందట ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వీధిలోకి వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకెళ్లారు. వారం తర్వాత ఏఎన్ఎం వచ్చి "మీ రక్తంలో ఫైలేరియా క్రిమి ఉంది" అని చెప్పి, బోదకాలు తెచ్చే ఆ క్రిమిని చంపే డీఈసీ మాత్రలు రోజుకు మూడు చొప్పున పన్నెండు రోజులకు ఇచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదు, కాలు వాపు లేదు. అయినా మొదలుపెట్టారు. రెండో రోజుకే జ్వరం, తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు. భయపడి మూడో రోజు ఆపేశారు. తర్వాత ఫోన్‌లో వెతికితే, ఏళ్ల తరబడి పరాన్నజీవి ఉంటే రోగనిరోధక కణాలు అలసిపోతాయని, దాన్ని ఎగ్జాస్చన్ అంటారని కనిపించింది. "అంటే నా ఇమ్యూనిటీ అయిపోయింది, అందుకే మాత్రలకు కూడా తట్టుకోలేకపోయాను" అని రాశారు. వాళ్ల బావ నెలకు 4,800 రూపాయల ఇమ్యూనిటీ పౌడర్ ఏడాదిపాటు వాడమంటున్నాడు. అమ్మ "పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పకు, మందులు తర్వాత చూద్దాం" అంటోంది. నాన్నకు ఇరవై ఏళ్లుగా ఎడమకాలు బోదకాలు. నిశ్చితార్థం రోజు ఆయన పంచె పాదాల దాకా కిందకి లాక్కుని, అందరూ వెళ్లిపోయేవరకూ కుర్చీలోంచి లేవలేదట. "నాకూ అదే గతి పడుతుందా? ఆ అమ్మాయికి చెప్పాలా? క్యాన్సర్‌కు ఇచ్చే పీడీ-1 ఇంజెక్షన్ వేయించుకుంటే అలసిపోయిన కణాలు లేస్తాయా?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా ప్రశ్నలు అడిగారు గానీ, వాటన్నిటి వెనకా ఉన్న భయం ఒక్కటే: నా శరీరం లోపల ఏదో అయిపోయింది, ఇక తిరిగి రాదు అని. ముందు దాని సంగతి చూద్దాం. అది తేలితే పెళ్లి మాట, పౌడర్ మాట వాటంతట అవే కొంత తేలికవుతాయి.

మీరు గుంటూరు మిర్చి యార్డుకు ఎప్పుడైనా వెళ్లారా? సీజన్‌లో మొదటిసారి లోపలికి అడుగుపెట్టినవాడు తుమ్ములతో, దగ్గుతో, కళ్లనీళ్లతో అల్లాడిపోతాడు. అక్కడే పదేళ్లుగా బస్తాలు మోసే హమాలీ మాత్రం మొహానికి ఒక తువ్వాలు చుట్టుకుని తన పని తాను చేసుకుంటాడు. అతని ముక్కు చచ్చిపోలేదు. రోజూ అదే ఘాటు తగులుతుంటే దానికి స్పందించడం తగ్గించుకుంది. తగ్గించుకోకపోతే అతను అక్కడ ఒక్క పూట కూడా నిలబడలేడు.

మీ రక్తంలో టీ కణాలు అనే రోగనిరోధక కణాలు చేసింది దాదాపు ఇదే. ఫ్లూ లాంటి జబ్బు వస్తే ఈ కణాలు వేలల్లో పెరిగి, పోరాడి, పని అయ్యాక తగ్గిపోతాయి. వచ్చిన శత్రువు నెలలు, ఏళ్లు కదలకుండా కూర్చుంటే మాత్రం లెక్క మారుతుంది. పగలూ రాత్రీ అదే సంకేతం అందుతూ ఉంటే కణం మెల్లగా తన పనులు ఒక్కొక్కటిగా వదిలేస్తుంది. ముందు వేగంగా పెరగడం మానేస్తుంది, తర్వాత తోటి కణాలను పిలిచే రసాయనాలు తగ్గిస్తుంది, చివరికి ఊరకే ఉండిపోతుంది. దాని పైపొర మీద పీడీ-1 అనే బ్రేకు లాంటి అణువు ఎక్కువగా కనిపిస్తుంది. ఈ అలసటను మొదట 1990లలో ఎలుకల్లో ఒక వైరస్ జబ్బు మీద గుర్తించారు. మన హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన రఫీ అహ్మద్ అనే శాస్త్రవేత్త బృందం, ఆ పీడీ-1 బ్రేకును అడ్డుకుంటే అలసిన కణాలు కొంతవరకు మళ్లీ పనిలోకి వస్తాయని 2006లో చూపించింది. తర్వాత మలేరియా, కాలా అజార్, టాక్సోప్లాస్మా లాంటి పరాన్నజీవుల మీద చేసిన పరిశోధనల్లోనూ ఈ అలసట కనిపించింది.

ఫైలేరియా విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మీరు ఫోన్‌లో చదివినచోట ఇది రాసి ఉండకపోవచ్చు. ఇక్కడ కణాలు ఊరికే అలసిపోవడమే కాదు, పనిగట్టుకుని నెమ్మదింపజేయబడతాయి. ఫైలేరియా పురుగు మన శోషరస నాళాల్లో, అంటే ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాల్లో, ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుండే తెల్లదారం లాంటిది. అంత పెద్ద ప్రాణి మన ఒంట్లో అన్నేళ్లు బతకాలంటే మన కాపలా కణాలను మచ్చిక చేసుకోవాల్సిందే. అది వదిలే పదార్థాల వల్ల ఐఎల్-10 లాంటి శాంతింపజేసే రసాయనాలు పెరుగుతాయి, మిగతా కణాలను అదుపు చేసే నియంత్రణ కణాలు పెరుగుతాయి, పీడీ-1, సీటీఎల్ఏ-4 బ్రేకులు పడతాయి. ఈ బ్రేకు పురుగుకు మేలు చేస్తుంది, నిజమే. కానీ కొంత మీకూ మేలు చేసింది.

అదెలాగో మీ నాన్నగారి కాలు చూస్తే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఒకే జబ్బుకు రెండు మొహాలు ఉన్నాయి. మీ రక్తంలో క్రిమి పిల్లలు తిరుగుతున్నాయి, ఒంట్లో బాధ లేదు. మీ నాన్నగారికి కాలు ఏనుగు పాదంలా అయింది. అలాంటి వాళ్లలో చాలామందికి రాత్రి రక్తపరీక్ష చేస్తే క్రిమి కనిపించదు. ఎందుకంటే అక్కడ రోగనిరోధక శక్తి ఊరుకోలేదు, గట్టిగా తిరగబడింది. ఆ పోరు జరిగింది సన్నని శోషరస నాళాల్లో. పురుగు చచ్చినా నాళం దెబ్బతింది, నీరు నిలిచింది, తర్వాత పగుళ్లలోంచి బ్యాక్టీరియా దూరి వాపును ఏటేటా పెంచింది. అంటే "ఇమ్యూనిటీ ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్న మాట ఈ జబ్బులో నిలబడదు. అలాగని మీ లోపలి నిశ్శబ్దాన్ని ఆరోగ్యం అనుకోవడానికీ వీల్లేదు. ఏ బాధా లేనివాళ్లకు స్కానింగ్ చేసినా లోపల నాళాలు సాగి వంకర్లు తిరిగి ఉండటం చాలాసార్లు కనిపిస్తుంది. మగవాళ్లలో అయితే బీజకోశం దగ్గరి నాళాల్లో బతికున్న పురుగులు కదులుతూ అల్ట్రాసౌండ్ తెరమీద కనిపిస్తాయి. డాక్టర్లు దాన్ని ఫైలేరియా డ్యాన్స్ అంటారు. వరిబీజం మొదలయ్యే చోటు కూడా అదే.

ఇప్పుడు మీ జ్వరం సంగతి. దీని గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే విషయాన్ని పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకుని రెండు నెలలు నిద్రపోకుండా ఉన్నారు.

గుంటూరులో చదువుకునే రోజుల్లో ఒక రాత్రి మొదటిసారి మైక్రోఫైలేరియాను, అంటే ఈ పురుగు పిల్లను, చూశాను. పదకొండు గంటలకు తీసిన తాజా రక్తపు చుక్క, మీద సన్నని గాజు పలక. ఎర్రకణాలు చాపలా పరుచుకుని ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక చోట అవి చెల్లాచెదురవుతున్నాయి, ఎవరో లోపలినుంచి తోస్తున్నట్టు. కాసేపటికి గాజుదారం లాంటి ప్రాణి మెలికలు తిరుగుతూ బయటపడింది. మిల్లీమీటరులో నాలుగోవంతుకు కాస్త ఎక్కువ పొడవు, అంతే. పగలు ఇవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, రాత్రి, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే మీ వీధికి సిబ్బంది రాత్రి వచ్చారు.

ఒక్క చుక్కలోనే కనిపించాయంటే ఒళ్లంతా ఎన్ని ఉంటాయో ఊహించండి. డీఈసీ మాత్ర వేసుకోగానే అవి గంటల్లో గుంపులుగా చావడం మొదలవుతుంది. వాటి లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. పురుగు పగిలినప్పుడు అది కూడా రక్తంలో కలుస్తుంది. ఇదంతా చూసి మీ రోగనిరోధక కణాలు లేచాయి. జ్వరం తెచ్చింది అవే. అలసి పడిపోయిన సైన్యం అలా లేవదు. మీరు ఓటమి అనుకున్న ఆ రెండో రోజు రాత్రి నిజానికి మీ శరీరం బాగానే పనిచేసింది. క్రిములు ఎక్కువున్నవాళ్లకే ఈ జ్వరం ఎక్కువ వస్తుంది, మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు, మాత్రలు అన్నం తిన్నాక వేసుకోవాలి. ఈ ముక్క మీకు మాత్రలిచ్చేటప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే మీరు ఆపేవారు కాదు. ఆ తప్పు మీది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మందుతో క్రిముల భారం తగ్గాక, ఫైలేరియా రోగుల టీ కణాలు ఆ పురుగుకు మళ్లీ స్పందించడం పరిశోధనల్లో చూశారు. పూర్తిగా పాత స్థితికే వస్తాయా అంటే, హెపటైటిస్-సీ లాంటి కొన్ని జబ్బుల్లో వైరస్ పోయాక కూడా కణాల్లో పాత అలసట గుర్తులు కొన్ని మిగిలిపోయాయి. అది మీకు దాచను. కానీ అలసింది ఒంట్లోని కణాలన్నీ కాదు, ముఖ్యంగా ఆ పురుగును గుర్తుపట్టే కణాలు. ఇలాంటి పురుగులు ఒంట్లో ఉంటే కొన్ని టీకాలకు స్పందన కాస్త తగ్గవచ్చు. అంతమాత్రాన దీన్ని ఎయిడ్స్‌తో పోల్చుకుని కుమిలిపోవద్దు, రెండూ వేరు.

పీడీ-1 ఇంజెక్షన్ మాట రెండు ముక్కల్లో చెబుతాను. పీడీ-1ను జపాన్‌లో తసుకు హొంజో బృందం కనుక్కుంది, 2018లో ఆయనకు నోబెల్ వచ్చింది, క్యాన్సర్‌లో ఆ మందులు ఎందరినో బతికించాయి. కానీ అవి బ్రేకును ఒళ్లంతా తీసేస్తాయి. థైరాయిడ్, ఊపిరితిత్తులు, పేగుల మీద సొంత కణాలే దాడి చేసే ప్రమాదం ఉంది. పురుగును చంపే చౌక మాత్ర చేతిలో ఉండగా అటువైపు ఆలోచించే పనే లేదు.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, ఆపేసిన కోర్సును మళ్లీ మొదలుపెట్టడం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మధ్యలో ఆపేశారు కాబట్టి మిగిలిన మాత్రలతో మీరే మొదలుపెట్టకుండా, ఆ స్ట్రిప్పులు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి ఎన్ని వేసుకున్నారో చెప్పండి. షుగర్, కిడ్నీ సమస్య లాంటివి ఉంటే అదీ చెప్పండి. మళ్లీ జ్వరం వస్తే రావచ్చు, ఈసారి కాస్త తక్కువగా. పాక్షికంగా అయినా పెద్ద పురుగులను కూడా డీఈసీ దెబ్బతీస్తుంది. అన్నిటినీ ఒక్క కోర్సుతో చంపకపోవచ్చు. అందుకే కొంతకాలం తర్వాత మళ్లీ రాత్రి పరీక్ష, వీధిలో బోదకాలు మాత్రలు పంచినప్పుడు తప్పకుండా వేసుకోవడం. మరో సంగతి: స్ట్రిప్ మీద చేసే యాంటిజెన్ పరీక్ష, మందు పనిచేశాక కూడా నెలల తరబడి పాజిటివ్ చూపించవచ్చు. దాన్ని చూసి మళ్లీ కంగారుపడకండి.

రెండోది, డాక్టరు సరే అంటే డాక్సీసైక్లిన్. నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వేసుకోవాలి. ఇది పురుగు లోపలి వోల్బాకియాను చంపుతుంది, దాంతో పురుగుకు పిల్లలు పుట్టడం ఆగిపోయి అది మెల్లగా చచ్చిపోతుంది. మెల్లగా జరుగుతుంది కాబట్టి జ్వరాలు తక్కువ. కడుపులో మంట, ఎండకు చర్మం కమిలిపోవడం ఉండొచ్చు. మన విజయవాడ ఎండలకు అది చిన్న విషయం కాదు. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కుని మాత్రం వాడొద్దు.

మూడోది మీ అమ్మగారు చెప్పింది, పెళ్లయ్యాక చూద్దాం అన్నది. కాలు రేపే వాచిపోదు, ఆ మాట నిజం. కానీ ఈ నెలల్లో పురుగు పిల్లల్ని కంటూనే ఉంటుంది, నాళాలు సాగుతూనే ఉంటాయి. మీ రక్తం తాగిన దోమ పది, పదిహేను రోజుల్లో ఆ క్రిమిని ఇంకొకరికి ఇవ్వగలదు. ఆ ఇంకొకరు కొత్తగా మీ ఇంట్లో అడుగుపెట్టే అమ్మాయి కూడా కావచ్చు. వాయిదా వేసే ముందు ఇది ఒక్కసారి ఆలోచించండి.

నాలుగోది మీ బావగారి పౌడర్. ఏడాదికి 57,600 రూపాయలు. ఏ పొడీ ఫైలేరియా పురుగును చంపదు. బ్రేకు వేసి కూర్చున్న పురుగును అక్కడే ఉంచి కణాలను రెచ్చగొడతామనడంలో అర్థం లేదు, నిజంగా రెచ్చగొట్టగలిగితే అది ఇంకా ప్రమాదం. బావతో గొడవ పెట్టుకోవక్కర్లేదు. "డాక్టర్ కోర్సు అయ్యేదాకా ఇంకేమీ వేసుకోవద్దన్నారు" అనండి, సరిపోతుంది.

అమ్మాయికి చెప్పే విషయం. ఇది నేను తేల్చేది కాదు, కానీ నా మనసులో మాట చెబుతాను. ముందు మీకు మీరే సరిగ్గా తెలుసుకోండి: ఇది ముట్టుకుంటే రాదు, కాపురం వల్ల రాదు, వంశపారంపర్యంగా పిల్లలకు రాదు. మీకూ మీ నాన్నగారికీ ఒకే జబ్బు రావడానికి కారణం రక్తసంబంధం కాదు, ఒకే ఇంట్లో ఒకే దోమలు. ఒకటి రెండు కాట్లకు కూడా రాదు, నెలలూ ఏళ్లూ పదేపదే కుట్టాలి. ఈ నాలుగు మాటలు ధైర్యంగా చెప్పగలిగితే, "నాకు పరీక్షలో ఫైలేరియా వచ్చింది, కోర్సు వాడుతున్నాను" అని ఒక్క ఫోన్‌కాల్‌లో చెప్పొచ్చు. లేదా ఆమెను, వాళ్ల అన్ననో నాన్ననో డాక్టరు దగ్గరకు రమ్మని, వాళ్ల అనుమానాలు ఆయన్నే అడగమనొచ్చు. మన ఇళ్లలో పెద్దల నోటి నుంచి వస్తేనే కుదురుతుందనుకుంటే మీ అమ్మగారి చేత చెప్పించవచ్చు, కానీ ఆమె ఇప్పుడే భయంలో ఉన్నారు. మాట తడబడితే లేని అనుమానాలు వస్తాయి. చెప్తే సంబంధం చెడిపోతుందేమో. ఆ అవకాశం లేదని నేను అనను. చెప్పకపోతే పెళ్లయిన ఏడాదికి వీధిలో మాత్రలు పంచడానికి వచ్చిన ఆశా కార్యకర్త గుమ్మం దగ్గర "మీ ఆయనకు పోయినసారి పాజిటివ్ వచ్చింది కదమ్మా" అంటే అప్పుడు ఆమె బాధపడేది జబ్బు గురించి కాదు.

మీరు రాసిన వాటన్నిటిలో నాకు ఇంకా కళ్ల ముందు ఉన్నది పంచె కిందికి లాక్కుని కూర్చున్న మీ నాన్నగారు. ఇరవై ఏళ్లుగా ఆ కాలును ఆయన దాచుకునే బతికారు. ఈ జబ్బుకు వాడే డీఈసీ వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాల. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలను ఆయన నడుపుతున్నప్పుడే, 1947లో, ఆ మందు ఫైలేరియా మీద పనిచేస్తుందని వెల్లడైంది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఈ మాత్ర మీ నాన్నగారి కాలును మళ్లీ మామూలు స్థితికి తీసుకురాదు, అది నిజం. కానీ ఆయనకు అప్పుడప్పుడూ వచ్చే చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం, కాలును శుభ్రంగా ఉంచితే చాలావరకు ఆపొచ్చు. అవి పురుగు వల్ల కన్నా చర్మం పగుళ్లలోంచి దూరే బ్యాక్టీరియా వల్లే ఎక్కువగా వస్తాయి. మీ అమ్మగారికి చెప్పి ఇంట్లో దోమతెరలు కట్టించండి, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి సన్నని వల బిగించండి. క్యూలెక్స్ దోమ పెరిగేది ఆ మురుగులోనే.

రాత్రి షాపు నుంచి వచ్చాక పది నిమిషాలు నాన్నగారి దగ్గర కూర్చోండి. ఒక బకెట్లో శుభ్రమైన నీళ్లు, మామూలు ఒంటిసబ్బు, పాత మెత్తని నూలుగుడ్డ. మోకాలి నుంచి కిందకి మెల్లగా కడగండి, రుద్దొద్దు. వేళ్ల మధ్య సందుల్లో, మడతల్లో తడి లేకుండా ఒత్తి తుడవండి. అక్కడ తెల్లగా నానినట్టు ఉంటే ఫంగస్ ఆయింట్‌మెంటు అవసరం, డాక్టరుకు చూపించండి. పడుకునేటప్పుడు కాలికింద రెండు దిండ్లు పెట్టండి. మీ మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్లే రోజున ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.